అచ్చొచ్చిన ముఖం

చల్లగా జిగురుగా, పళ్ళ డాక్టరు గదిలా పుదీనా వాసన వేస్తూ, ఆ ముద్ద ముందు నుదుటి మీద పడింది, అక్కణ్ణించి కనుబొమల మీదికి, మూసుకున్న కళ్ళ మీదికి, బుగ్గల మీదికి జారింది, ఇంక చూపు లేదు, ఇంక మాట లేదు, లోకంతో సంబంధానికి రెండు ముక్కుపుటాలు మాత్రం మిగిలాయి, "కదలకండి నాన్నగారూ, ఐదు నిమిషాల్లో ఇది గట్టిపడుతుంది, అప్పటిదాకా ముఖంలో ఒక్క నరం కూడా ఆడకూడదు, ఆ పైన ప్లాస్టరు పట్టీలు వేస్తాను, అవి ఆరడానికి ఇంకాసేపు, ఊపిరాడకపోతే కుడిచెయ్యి పైకెత్తండి, ఉన్నపళాన ఊడదీసేస్తాను" అన్నాడు అచ్చు మాస్టారు. కుడిచెయ్యి కుర్చీ చేతి మీద బోర్లా పడుకుని ఉంది, నిశ్చింతగా, దాన్నెందుకు ఎత్తడం, చేతులెత్తేసే రోజులు పోయాయి, ఇవాళ తల ఎత్తుకునే రోజు.

నాన్నగారంటే మాస్టారుకి నాన్నేం కాడు, నిజానికి మాస్టారే ఈయనకన్నా వయసులో పెద్ద, కానీ సినిమాల్లో లైట్లు మోసేవాడి దగ్గర్నుంచి పెట్టుబడి పెట్టేవాడి దాకా అందరికీ ఈయన నాన్నగారే, హీరోలకి నాన్న, హీరోయిన్లకి నాన్న, ఒక సినిమాలో పొరపాటున ఇద్దరికీ నాన్నై, ఆ చిక్కుముడి విప్పలేక దర్శకుడు ఆరో రీలులో ఈయన్ని లారీ కిందికి తోసేశాడు. లోకానికంతటికీ నాన్నగారు, సొంత కూతురొక్కతే గారు తగిలించకుండా "నాన్నా, ఫ్యాను కట్టెయ్" అంటుంది. ఇన్నేళ్ళూ సహాయ నటుడు, ఆ సహాయం ఎవరికో గానీ తను మాత్రం నిస్సహాయ నటుడు, ముఖమైతే ఉంది, ముఖ్యమే కాలేదు, పాత్రలు వచ్చాయి, అన్నీ అడుగున రెండు మెతుకులున్న పాత్రలే. ఇప్పుడు చూడు, మొన్న మేనేజరు ఫోను, "నాన్నగారూ, హీరో బాబు కొత్త సినిమాలో తండ్రి పాత్రే ప్రాణమండీ, మొదటి సీను నుంచి చివరి సీను దాకా తండ్రే, మీ ముఖం అచ్చు తీయాలి, మాస్టారు షెడ్డుకి వచ్చేయండి." అచ్చు! ముఖం అచ్చు తీశారంటే మాటలా, అది ముఖ్య వేషగాడికి చేసే మర్యాద, అచ్చు ఎవరిది తీస్తే వేషం వాళ్ళది, ఈ వృత్తిలో పసివాణ్ణి లేపి అడిగినా చెబుతాడు, ఆ అచ్చు మీద రబ్బరు ముడతలు పోసి మళ్ళీ ఆ మనిషి ముఖానికే అంటిస్తారు, తొంభై ఏళ్ళవాణ్ణి చేస్తారు, అరవైలో ఉన్నవాడికి ముప్ఫై ఏళ్ళ ప్రమోషను, మొత్తానికి అచ్చులు వచ్చేశాయి, ఇంక హల్లులు వస్తే మాటలే మాటలు.

ఆ మాటల గురించే ఇంట్లో ఆవిడ నిన్న పట్టుకుంది. పెళ్ళి కాకముందు నాటక సమాజంలో ప్రాంప్టింగ్ చేసేది, తెర పక్కన స్టూలేసుకుని, మర్చిపోయినవాడికి మొదటి మాట అందించేది, ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు, కంచం ముందు ఈయన నోరు తెరిస్తే చాలు, ముందే అందిస్తుంది. "ఏమండీ, డైలాగు కాగితాలు ఇచ్చారా?" "ముందు ముఖం, తరవాత డైలాగు." "ఏ సీనో చెప్పారా?" "అన్ని సీన్లూ నేనే, ఏ సీనని చెబుతారు?" "పోనీ మీ పక్కన ఎవరో చెప్పారా?" ఏం చెప్పను దీనికి, ముప్ఫయ్యేళ్ళు అందించి అందించి ఇంకొకరి అదృష్టాన్ని అందుకోవడం మర్చిపోయింది. ఇంతలో బావమరిది, భోజనానికి పిలవకపోయినా వేళకి వచ్చే మనిషి, "బావా, ఈసారి ఎన్నో రీల్లో పోతావు? చెబితే ఆ రీలు అవగానే లేచి వెళ్ళిపోతాను, బస్సు దొరుకుతుంది" అని పకపకా నవ్వాడు, నవ్వరా నవ్వు, ఈ సినిమాలో ఆఖరి బస్సు వెళ్ళిపోయినా నేను బతికే ఉంటాను, అన్నాడు ఈయన, అని ఇంకో ముద్ద కలుపుకున్నాడు. ముద్ద అంటే గుర్తొచ్చింది, ఈ ముద్ద చెంపల దగ్గర అప్పుడే బిగుస్తోంది, ఎవరో చల్లటి అరచేతులతో ముఖాన్ని దగ్గరికి తీసుకున్నట్టుంది. హాయిగా ఉంది.

అందరికీ ముఖం కడుక్కోవడం పనైతే తనకి ముఖమే పని. ఇరవై రెండేళ్ళకే ముసలి తండ్రి వేషం, బుగ్గలు పుట్టుకతోనే జారిపోయి ఉన్నాయని, కొడుకు వేషం వేసినాయన ఈయనకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద, ముగ్గురు పిల్లల తండ్రి, స్టేజీ మీద ఈయన కాళ్ళు పట్టుకుని "నాన్నా! నన్ను క్షమించు నాన్నా!" అని గొల్లుమని, కిందనించి "తొందరగా క్షమించవయ్యా, మోకాళ్ళు పోతున్నాయి" అని గొణిగేవాడు. తలకి తెల్ల పౌడరు కొట్టుకుని మొదలుపెట్టినవాడు తలకి నల్ల రంగు వేసుకునే దాకా వచ్చాడు, మధ్యలో జుట్టు సొంత రంగులో ఉన్నది ఎన్నాళ్ళో, గ్రీన్‌రూములో అద్దానికి గుర్తుండాలి. సొంత నాన్న ఒక్కసారే చూడ్డానికి వచ్చాడు. గడియారాలు బాగుచేసే మనిషి, కంటికి భూతద్దం బిగించుకుని లోకాన్నంతా అంగుళం దూరం నుంచి చూసినవాడు, ఆ రోజు చివరి వరుసలో కూర్చుని అంత దూరం నుంచి ఏం చూశాడో, నాటకమయ్యాక లోపలికి వచ్చి, గడ్డం పీక్కుంటున్న కొడుకు ముందు నిలబడి, "ఆ దగ్గు నాదిరా" అన్నాడు. అవును, దగ్గు నాన్నదే, కూర్చోబోయే ముందు కుర్చీని చేత్తో తడిమి చూసుకోవడం నాన్నదే, బొటనవేలు వణుకు నాన్నదే, అడక్కుండానే అన్నీ తెచ్చుకున్నాడు. నాన్న గుమ్మం దాకా వెళ్ళి, "బాగానే దగ్గావు" అన్నాడు, తను దగ్గుకుంటూ వెళ్ళిపోయాడు, ఏది అసలో ఏది నకలో గ్రీన్‌రూములో ఎవరికీ తెలీలేదు.

చెప్పుల చప్పుడు. ఆడమనిషి. గాజులు, పిన్నుల డబ్బా గలగల, విగ్గులావిడ, ఎప్పుడూ పెదాల మధ్య రెండు పిన్నులు పెట్టుకుని మాట్లాడే మనిషి, ఆవిడ మాటలు కూడా గుచ్చుకుంటాయంటారు. చెవుల మీద రబ్బరు టోపీ ఉంది, వినపడదనుకున్నారో, వినపడినా తెలిసిన సంగతేగా అనుకున్నారో.

"ఏం మాస్టారూ, ఈయన తల కొలత తీసుకోనా?"

"ఈయన తలతో మనకి పనేముందమ్మా? బాబు తల కొలత మొన్నే ఇచ్చాగా."

"అది కొడుకు విగ్గుకి కదా?"

"తండ్రికీ అదే తల. తండ్రీ కొడుకూ ఇద్దరూ బాబేనమ్మా, రెండు వేషాలు. తల బాబుది, ముఖం ఈయనది. ఇందులోంచి ఈ ముక్కూ, ఈ బుగ్గల జారుడూ, గడ్డం కింద ఈ వేలాడే చర్మం రబ్బరులో దింపి బాబుకి అంటిస్తాం. నాన్నంటే జనానికి ఈ ముఖమే కదా మరి."

"మరి ఈయనకి వేషం?"

"ఈయన ఇవాళ్టితో అయిపోయారు."

"అయ్యో. ఆయనకి తెలుసా?"

"తెలీకుండా ఎవరన్నా మొహం ఇస్తారటమ్మా?"

గుండె ఒక మెట్టు తప్పింది. అలాంటి మెట్టు మీద కాలు పడినప్పుడు మనిషి ముఖం ఏం చెయ్యాలో అదే చేసింది, కనుబొమలు పైకి లేచాయి, అంత బరువు ముద్దనీ నెత్తిన మోసుకుంటూ లేచాయి, మూసిన రెప్పల వెనక కళ్ళు పెద్దవయ్యాయి, దవడ జారింది, పెదాల మధ్య సన్నటి సందు పడి పుదీనా చేదు నాలిక మీదికి వచ్చింది, "కదలకండి నాన్నగారూ!" అని మాస్టారు అరిచాడు, అరచేత్తో నుదురు అదిమాడు, సరిగ్గా అప్పుడే, ఆ ఒక్క క్షణం కోసమే కాచుకుని ఉన్నట్టు, ముద్ద గట్టిపడిపోయింది. ఇంక దిగదు. నేల మీద ఎవరికైనా ఆశ్చర్యం వస్తే వస్తుంది, కాసేపుంటుంది, పోతుంది, ముఖం మళ్ళీ యథాస్థానానికి చేరుకుంటుంది, ఈయనకి మాత్రం వచ్చిన ఆశ్చర్యానికి పోయే దారి మూసుకుపోయింది, లోపల మనసు బావురుమనాలనుకుంటోంది, ముఖం ఒప్పుకోదు, పోనీ కోపం తెచ్చుకుందామా, కోపానికి కనుబొమలు కిందికి రావాలి, అవి పైన ఇరుక్కున్నాయి, ఏం చేసినా ముఖం ఒకే ముక్క అంటోంది, ఏంటీ? ఏంటీ? ఏంటీ? పైన తడి పట్టీలు పడుతున్నాయి, ఒకటి, దాని మీద ఇంకొకటి, గోడ కడుతున్నట్టు.

తల బాబుది. ఏ బాబు? ఆ బాబే, మొదటి సినిమాలో కెమెరా చూసి కాళ్ళు వణికితే, "నా కళ్ళలోకి చూడు బాబూ, కెమెరా సంగతి నేను చూసుకుంటా" అని చెయ్యి పట్టుకుని నడిపించిన బాబు, ఆ తర్వాత వరసగా ఎన్ని సినిమాలకి కొడుకో, కన్న కొడుకైనా అన్నిసార్లు నాన్నా అని పిలిచి ఉండడు, ఎక్కడ కనపడ్డా లేచి "కూర్చోండి నాన్నగారూ" అని తన కుర్చీ ఇచ్చేవాడు. మంచివాడు. మంచివాడే. పోయిన సినిమాలో అయితే తన సీను లేకపోయినా వచ్చి మానిటరు వెనక కూర్చునేవాడు, "నాన్నగారూ, ఆ చెయ్యి ఎలా వణికించారు? ఇంకోసారి?" అని అడిగేవాడు, ఈయన ఉబ్బిపోయి, చెయ్యంతా వణికించకూడదు బాబూ, బొటనవేలు ముందు, దాన్ని ఆపడానికి మిగతా వేళ్ళు, ఆ వేళ్ళు ఆపలేక ఓడిపోవడమే ముసలితనం, అని విడమరిచి చెప్పాడు, కూర్చోబోయే ముందు కుర్చీని తడమడం చెప్పాడు, దగ్గు చెప్పాడు, గొంతులోంచి కాదు, వీపులోంచి రావాలి. ఆ కుర్రాడు బుద్ధిగా దగ్గి చూపించాడు, ఈయన చప్పట్లు కొట్టాడు. చప్పట్లు కొట్టాడు! మొన్న వేళ్ళు, నిన్న దగ్గు, ఇవాళ ముఖం, వాయిదాల మీద మనిషినంతా పట్టుకుపోతుంటే ప్రతి వాయిదాకీ చప్పట్లు కొట్టాడు. నాన్న దగ్గు నేను చూసి తెచ్చుకున్నాను, ఆ దగ్గు నాకు పట్టుబడడానికి ఆర్నెల్లు పట్టింది, మా అమ్మ మందు కూడా పోసింది, నేనేం నాన్నని కుర్చీలో కూలేసి ముద్ద పూసి తెచ్చుకోలేదు, తేడా ఉంది, ఉందా? ఉంది. ఉండాలి.

చెయ్యి ఎత్తితే చాలు. కుడిచెయ్యి. ఎత్తితే ఉన్నపళాన ఊడదీస్తాడు. ఎత్తవేం? చెయ్యి కుర్చీ మీద అలాగే పడి ఉంది, అది నటుడి చెయ్యి, సీను నడుస్తుండగా తెర దించమని ఏ నటుడూ అడగడు, ఒకసారి నాటకంలో నిజం మంట అంటుకుని పంచె కాలుతున్నా డైలాగు పూర్తిచేసి మరీ ఆర్పుకున్న చెయ్యి, ఎప్పుడు ఎత్తాలో దానికి దర్శకుడే చెప్పాలి. పైగా ఎత్తి, ఊడదీయించుకుని, తర్వాత? ఏ మొహం పెట్టుకుని ఇంటికి వెళ్ళడం, ఉన్న ఒక్క మొహం ఇక్కడ ఇచ్చేసి? పక్కింటివాళ్ళకి చెప్పింది ఆవిడ, అడిగినన్ని ప్రశ్నలు అడిగి, జవాబులు రాకపోయినా, గోడ మీదనుంచి "మా ఆయన ఈసారి సినిమా అంతా ఉంటారండీ" అని చెప్పింది, ఆ గొంతులో ఎంత సంబరం, అంత సంబరం పెళ్ళిరోజున కూడా వినలేదు. అమ్మాయి ఫ్యాను సంగతి మర్చిపోయి ఎదురుగా కూర్చుని "నిజంగా చివరి దాకా బతికే ఉంటావా నాన్నా?" అంది. ఉంటానమ్మా అన్నాను, ఇప్పుడు ముఖం మాత్రం నాదే ఉంటుంది, నేనుండను.

హాల్లో కూర్చుంటాను. తెర మీద నా ముక్కు, నా బుగ్గలు, నా మెడ, నేనెన్నడూ మాట్లాడని మాటలు మాట్లాడుతుంటాయి, నేనెప్పుడూ గెలవని గొడవలు గెలుస్తాయి, జనం ఈలలు వేస్తారు, అచ్చు గుద్దినట్టు నాన్నగారే అంటారు మొదటి వారం. రెండో వారం ఆ మాట కూడా పోతుంది. మూడో వారం నేను ఏ ఆఫీసుకో వేషం కోసం వెళితే, కొత్త దర్శకుడు తల పక్కకి వంచి చూసి, "మీరు అచ్చం బాబు వేసిన తండ్రిలా ఉన్నారండీ, జనం గుర్తుపట్టేస్తారు, వద్దు" అంటాడు. అంటాడు! తప్పకుండా అంటాడు! పట్టీల కింద చమట పట్టింది, ముక్కుపుటాల్లోంచి ఊపిరి బుసబుసమని పోతోంది, చివరికి నేనే నాకు నకలునైపోతాను, నా ముఖానికి నేనే డూపుని.

"ఆరింది. ఇప్పుడు ముఖం అటూ ఇటూ ఆడించండి, వెక్కిరించినట్టు, అదే ఊడుతుంది" అన్నాడు మాస్టారు. వెక్కిరించాడు. ఎవర్నో తెలీదు, అందర్నీ కలిపి వెక్కిరించాడు. చప్పున గాలి దూరి, బురదలోంచి కాలు లాగినట్టు చప్పుడై, వెలుతురు పడింది. టేబుల్ ఫ్యాను, గోడ పొడుగునా అరల మీద తెల్లటి ముఖాలు, కళ్ళు మూసుకుని, పెదాలు బిగించుకుని, అన్నీ బుద్ధిమంతుల ముఖాలు. మాస్టారు ఊడిన అచ్చుని రెండు చేతులా పట్టుకుని లోపలికి తొంగిచూశాడు, ఈయన్ని చూశాడు, మళ్ళీ లోపలికి చూశాడు.

"ఇదేంటి నాన్నగారూ, కనుబొమలు నెత్తికెక్కాయి! నోరు కూడా తెరిచారు. పనికిరాదిది."

"ఎందుకు పనికిరాదు?"

"ఇందులో రియాక్షన్ ఉందండీ. మాకు ఖాళీ ముఖం కావాలి. రియాక్షన్ పైన బాబు ఇచ్చుకుంటాడు." అంటూనే అలవాటైన చేతులతో రబ్బరు గిన్నెలో పొడి పోశాడు, నీళ్ళు పోశాడు, చెక్క గరిటె తిప్పడం మొదలెట్టాడు.

విగ్గులావిడ అచ్చులోకి వంగి చూసి పెదాల్లోంచి పిన్నులు తీసేసింది. "అమ్మో, నెత్తిన పిడుగు పడ్డట్టుందే! లోపల ఏమైందండీ మీకు?"

"విన్నానమ్మా."

"ఏం విన్నారు?"

"తల బాబుది, ముఖం నాదని."

గరిటె ఆగింది. మాస్టారు ముఖం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది, షెడ్డులో అరల మీదున్న ముఖాల్లో కలిసిపోయేంత తెల్లబడింది. "మేనేజరు చెప్పలేదా?"

"చెప్పాడు. అచ్చు తీయాలన్నాడు. అచ్చు నాదైతే వేషం నాదనుకున్నాను."

"ఎవరైనా అలాగే అనుకుంటారు" అన్నాడు మాస్టారు నెమ్మదిగా. "ఇన్నేళ్ళుగా నేనూ అలాగే తీశాను. ఒకరిది తీసి ఇంకొకరికి అంటించమనడం ఇదే మొదలు. నాకైనా తట్టి ఉండాల్సింది." ఆపైన గిన్నె వంక చూసి, తనమీద తనకే అసహ్యం వేసినట్టు, "పొడి నీళ్ళలో పడిపోయింది నాన్నగారూ, ఇది ఆగదు, గట్టిపడిపోతుంది. సాయంత్రానికి బాబుకి చూపించాలి. ఒక్కసారి కూర్చోండి. ఏమీ అనుకోకుండా కూర్చోండి, చాలు."

ఏమీ అనుకోకుండా! చాలా తేలికైన పని, తను జీవితమంతా చేసింది అదే, లారీ కిందికి తోసినా ఏమీ అనుకోలేదు, పోస్టరు మీద పేరు వెయ్యకపోయినా ఏమీ అనుకోలేదు. కాళ్ళు కుర్చీ వైపు తిరిగాయి కూడా, వాటికి అలవాటు. మధ్యలో ఆ అచ్చు అడ్డొచ్చింది, బల్ల మీద వెల్లకిలా, గుంటగా. వంగి చూశాడు. గుంట ముఖమేగానీ, చూస్తుంటే చూస్తుంటే అది గుంటలా లేదు, పైకి ఉబికి వచ్చింది, తను ఎడమకి జరిగితే తనతో పాటు తిరిగింది, కుడికి జరిగితే కుడికి తిరిగింది, నోరు తెరుచుకుని తన వంకే చూస్తోంది. ఇన్నేళ్ళలో కెమెరా ఒక్కసారి కూడా ఇంత దగ్గరికి రాలేదు. దర్శకులు "నాన్నగారూ, తగ్గించండి, హీరో మీద ఉంది ఫ్రేము" అంటే తగ్గించి తగ్గించి, ఎక్కడో అడుగున దాచిపెట్టిన ముఖం ఇదన్నమాట. బాగా చేశావురా, అనుకున్నాడు, ఆ మాట తనని తను అనుకోవడం కూడా మొదటిసారే. మొహమాటం ముఖంలోనే కాపురం ఉంటుంది కాబోలు, ఊడదీసినప్పుడు ముద్దతో పాటు అదీ ఊడి వచ్చేసినట్టుంది, బుగ్గలు ఖాళీగా, చల్లగా, తేలిగ్గా ఉన్నాయి. అచ్చుని ఎత్తి చంకలో పెట్టుకున్నాడు.

"పనికిరాదన్నారుగా. ఇది నాకివ్వండి."

"తీసుకెళ్ళండి, కానీ... మరి బాబుకి ఏం చెప్పమంటారు?"

"వాళ్ళ నాన్న ఒప్పుకోలేదని చెప్పండి."

ఆ మాట విని అందరికన్నా ముందు ఉలిక్కిపడింది ఆయనే, ఎవరన్నారా అని వెనక్కి కూడా చూశాడు, ఎవరూ అందివ్వలేదు, కాగితం మీద ఎవరూ రాసివ్వలేదు, గొంతు తనదే, ఇప్పుడు కూర్చోవాలని ఉంది, ఉన్నది ఆ ఒక్క కుర్చీయే, అందులో మాత్రం కూర్చోలేడు.

"నిజంగానే అంటున్నారా?" అన్నాడు మాస్టారు.

ఆయనకీ అదే అనుమానం. అచ్చుని చంకలో ఇంకాస్త పైకి సర్దుకుంటుంటే, మాస్టారు అలవాటు చొప్పున గరిటె తిప్పబోయాడు. గరిటె తిరగలేదు. పట్టుకుని లాగాడు. గిన్నె కూడా దాంతోపాటే పైకి లేచి వచ్చి, గాల్లో వేలాడింది.

విగ్గులావిడ చప్పున రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుకో, ఏడుపుకో. "అంటున్నారు మాస్టారూ," అంది వేళ్ళ సందుల్లోంచి, "అనేశారు."